ఘటం చేరే నీరు: లాల్‌దర్వాజా బోనాలు, పాతబస్తీ చెరువులు, గట్టు మీది కళ

లాల్‌దర్వాజా హైదరాబాదు పాతబస్తీలో చార్మినార్‌కు దక్షిణాన, శాలిబండకూ గౌలిపురాకూ పొరుగున ఉన్న పేట. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీ దక్షిణ తీరాన నిర్మించిన నగరం చుట్టూ 18వ శతాబ్దిలో ముబారిజ్ ఖాన్ ఒక రాతి ప్రాకారం మొదలుపెట్టగా, మొదటి ఆసఫ్‌జా కాలంలో అది పూర్తయింది. దానికి దర్వాజాలనే పెద్ద ద్వారాలు, వాటి నడుమ ఖిడ్కీలనే చిన్న ద్వారాలు ఉండేవి. ఆ ప్రాకారం చాలామేరకు కూలిపోయి, ఈనాడు దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు మాత్రమే నిలిచి ఉన్నా, దక్షిణపు పేటలు మాత్రం కనిపించని ద్వారాల పేర్లతోనే వ్యవహారంలో ఉన్నాయి. వాటిలో లాల్‌దర్వాజాకు వచ్చిన ప్రసిద్ధికి కారణం సింహవాహిని మహంకాళి ఆలయం, ఆషాఢంలో అక్కడ జరిగే బోనాలు. ఆ బోనాలను అమ్మవారి మహిమగా, లక్షలాది జనం కదలివచ్చే జాతరగా వర్ణించినవారు ఎందరో ఉన్నారు. నీటికీ, నీటిగట్టున మనుషులు ఆరుబయట చేసే కళకూ సంబంధించిన ఆచారంగా దానిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇటీవల హైదరాబాదులో చెరువులను తిరిగి బతికించే పని మొదలైన తర్వాత, బతికిన చెరువు గట్టున ఎలాంటి కళ ఉండాలి, దానిని ఎవరు చేయాలి అనే ప్రశ్న ముందుకు వచ్చింది. ఆ ప్రశ్నకు జవాబు లాల్‌దర్వాజా వీధులలో నూరేళ్లకు పైబడి ఏటేటా కనిపిస్తూనే ఉంది.

ఏడాదిలో కొంతకాలమైనా తడి నిలిచి, ఆ తడి ఆధారంగా మొక్కలు, పక్షులు, చేపలు బతికే చోటును చిత్తడి నేల అంటారు. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సార్ పట్టణంలో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక, సహజంగా ఏర్పడిన వాటితో పాటు మనుషులు కట్టిన జలాశయాలను కూడా ఈ నిర్వచనంలో చేర్చింది. తెలంగాణకు ఈ చేర్పు చాలా ముఖ్యమైనది. ఎందుకంటే ఈ పీఠభూమి మీద సహజమైన సరస్సులు అరుదు, కనిపించే చెరువులూ కుంటలూ దాదాపు అన్నీ వాననీటికి అడ్డంగా కట్ట పోసి నిలిపినవే. పై చెరువు నిండాక మత్తడి దూకిన నీరు, అంటే పొంగి బయటికి పోయేందుకు విడిచిన రాతికట్టు మీదుగా పారిన నీరు, కింది చెరువులో చేరి, అది నిండాక మరో చెరువుకు పోయే ఈ ఏర్పాటును గొలుసుకట్టు చెరువులని పిలుస్తారు. నీరు నిలిచే లోతట్టు భూమిని శిఖం అని, పొలాలకు నీరు వదిలే ద్వారాన్ని తూము అని అంటారు. కట్ట తెగితే ఊరు పోతుందనే ఎరుకతోనే, దాదాపు ప్రతి పెద్ద కట్ట మీదా కట్ట మైసమ్మ వెలిసింది. హుస్సేన్‌సాగర్ కట్ట దిగువన ఉన్న కట్ట మైసమ్మ గుడి నగరం నడిబొడ్డున ఈ ఆచారానికి మిగిలిన సాక్ష్యం. పసుపు పూసిన ఒక రాయి, దాని మీద కుంకుమ బొట్లు, పక్కన వేపమండలు: చెరువుకు మనుషులు చేసిన తొలి అలంకారం ఇదేనని చెప్పవచ్చు. దానికి శిల్పి పేరు లేదు, ప్రతి ఆషాఢంలో ఊరివాళ్లే దానిని మళ్లీ చేస్తారు.

లాల్‌దర్వాజా ఉన్న దక్షిణ భాగానికి నీళ్ల చరిత్ర ఘనమైనదే. రెండవ నిజాం అయిన నిజాం అలీఖాన్ వద్ద దివానుగా ఉన్న రుక్నుద్దౌలా 1770 ప్రాంతంలో శివరాంపల్లి వద్ద ఒక చెరువు కట్టించాడు. అది నేటికీ బుమ్‌రుక్నుద్దౌలా చెరువుగా ఆయన పేరుతోనే ఉంది. 1799 శ్రీరంగపట్నం యుద్ధంలో నిజాం సైన్యానికి నాయకత్వం వహించి, తర్వాత మూడవ నిజాం సికందర్ జా వద్ద దివాను అయిన మీర్ ఆలం, 19వ శతాబ్ది మొదటి దశకంలో తన పేరు మీద వెలసిన చెరువును నిర్మింపజేశాడు. దాని కట్ట మామూలు మట్టికట్ట కాదు. నీటి వైపు ఉబ్బెత్తుగా వంగిన 21 రాతి కమానులను వరసగా నిలిపి, నీటి బరువును కమాను నుంచి కమాను మధ్యనున్న ఊతగోడకు పంచే విధంగా కట్టినది. ప్రపంచంలో ఈ తరహా కట్టడాలలో తొలినాటి వాటిలో ఒకటిగా ఇంజనీర్లు దానిని పేర్కొంటారు. గండిపేట (ఉస్మాన్‌సాగర్) జలాశయం నీళ్లు రాకముందు పాతబస్తీ దాహం తీర్చిన వాటిలో మీర్ ఆలం చెరువు ప్రధానమైనది. లాల్‌దర్వాజాకు ఇంకా దగ్గరగా, ఈశాన్యాన మీర్‌జుమ్లా చెరువు ఉండేది. దాని కట్టా శిఖమూ క్రమంగా ఇళ్ల కిందికి పోయి, తలాబ్‌కట్ట, తలాబ్ చంచలం అనే బస్తీల పేర్లలో మాత్రమే మిగిలింది. పాతబస్తీలో చెరువుల నష్టం అన్నది నిన్న మొన్న మొదలైన కథ కాదనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద ఈ చరిత్రలో పెద్ద మలుపు. ఆ రోజు నది నగరంలోకి పొర్లి అఫ్జల్‌గంజ్, దాని చుట్టుపక్కల పేటలను తుడిచిపెట్టింది. మృతులు 15,000 వరకు ఉంటారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూతురిని ఆ నీటిలోనే పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం పిలుపు మీద వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద కారణాలు పరిశీలించి, నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉన్నాయని, వాటిలో 221 తెగిపోయాయని లెక్క తేల్చాడు. పరీవాహక ప్రాంతం అంటే ఒక నదిలోకి వాననీరు చేరే మొత్తం భూభాగం. ఈ లెక్కను తిరగేసి చూస్తే మరో నిజం బయటపడుతుంది: చదరపు మైలుకు ఇంచుమించు ఒక చెరువు ఉన్న దేశం అది, ఆ చెరువులు నిలిచినంత కాలం వాన వాటిలోకి పంచుకుపోయేది, పై చెరువు తెగితే ఆ నీరు కింది చెరువును తెంపేది, అన్నీ కలిసి ఒకే రాత్రి నది మీద పడ్డాయి. వరదను కేవలం నది కోపంగా చూసేవారికి ఈ 221 కట్టల సంగతి గుర్తుండదు.

లాల్‌దర్వాజా బోనాల ఉత్సవానికి ఈ వరదతోనే ముడి ఉందని ఆలయ సంప్రదాయం చెబుతుంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్, తన ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్ సలహాతో అమ్మవారికి మొక్కి, పసుపు కుంకుమలు, చీర, గాజులు నదికి సమర్పించాక మూసీ శాంతించిందని ఆ కథ. చరిత్రకారుడు దీనిని నమ్మకంగానే స్వీకరించాలి. అయినా ఆ నమ్మకంలో ఉన్న భావం మాత్రం గట్టిది. ఒక ముస్లిం పాలకుడు, పంజాబీ ఖత్రీ కుటుంబానికి చెందిన ప్రధాని, తెలుగు బస్తీల అమ్మవారు ముగ్గురూ ఒకే నది ఒడ్డున కలిసిన కథగా పాతబస్తీ దానిని గుర్తుపెట్టుకుంది. నీటికి చీర పెట్టడం, ఆడబిడ్డకు పుట్టింటివారు చేసే మర్యాదే. ఆషాఢంలో అమ్మవారు పుట్టింటికి వస్తుందన్న బోనాల మూలభావన కూడా అదే. నగరంలో బోనాలు గోల్కొండ కోటలోని జగదాంబకు మొదలై, సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి వద్ద లష్కర్ బోనాలుగా సాగి, లాల్‌దర్వాజాలో ముగింపు దశకు చేరుకోవడం ఆనవాయితీ. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించింది.

బోనం తయారీని దగ్గరగా చూస్తే చెరువుతో దాని బంధం స్పష్టమవుతుంది. కుమ్మరి సారె మీద కొత్త కుండ తీసేందుకు కావలసినది చెరువు అడుగున పేరుకున్న జిగట ఒండ్రు మట్టి. వేసవిలో శిఖం ఎండినప్పుడు ఆ మట్టిని తవ్వి తేవడం వల్ల కుమ్మరికి ముడిసరుకు, చెరువుకు పూడిక తీసిన మేలు ఒకేసారి దక్కేవి. ఆ కుండను కడిగి, ఒంటి నిండా పసుపు పూసి, ఆరిన పసుపు మీద సున్నంతో చారలూ చుక్కలూ, కుంకుమతో బొట్లూ పెడతారు. లోపల పాలు, బెల్లం వేసి వండిన అన్నం ఉంటుంది. మూతి చుట్టూ వేపమండలు కట్టి, పైన మరో చిన్న పాత్ర పెట్టి, అందులో దీపం వెలిగించి, ఇంటి ఆడపడుచు తల మీద పెట్టుకుని నడుస్తుంది. ఒక్కో ఇల్లు తన కుండను తన చేతి వాటం ప్రకారం తీర్చుకుంటుంది; ఒకరి సున్నపు చుక్కలు వరసగా ఉంటే మరొకరివి పూరేకుల్లా విచ్చుకుంటాయి. ఆషాఢపు ఆదివారం నాడు లాల్‌దర్వాజా ఇరుకు గల్లీలలో బారులు తీరే కుండలను చూస్తే, ఏ ప్రదర్శనశాలలోనూ దొరకనంత వైవిధ్యం కనిపిస్తుంది. మరునాడు జరిగే రంగంలో కూడా మట్టిదే ప్రధాన స్థానం: అమ్మవారు ఆవహించినదని నమ్మే స్త్రీ కాల్చని పచ్చికుండ మీద నిలబడి, ఆ ఏడాది వానలు, పంటలు, రోగాల గురించి భవిష్యవాణి పలుకుతుంది. జనం ఆమెను అడిగే మొదటి ప్రశ్నలలో వాన సంగతి తప్పక ఉంటుంది.

తొట్టెల బోనాలకు మరో ఆభరణం. వెదురు బద్దలను చీల్చి, వంచి, కట్టి చట్రం చేసి, దానికి రంగు కాగితాలూ తళుకు కాగితాలూ అతికించి అంతస్తులు అంతస్తులుగా నిలబెట్టే ఈ కట్టడం, మొక్కు తీర్చుకునేవారు అమ్మవారికి సమర్పించే కానుక. ఒకప్పుడు చేతిలో పట్టేంత చిన్నవిగా ఉన్న తొట్టెలలు కాలక్రమంలో పెరిగి పెరిగి, వీధి తీగలకు తగలకుండా గడకర్రలతో తీగలను ఎత్తి పట్టుకుంటే తప్ప కదలనంతగా ఎదిగాయి. అమ్మవారి తమ్ముడిగా భావించే పోతరాజు ఒళ్లంతా పసుపు పూసుకుని, కాళ్లకు గజ్జెలు కట్టి, పేనిన తాడు కొరడా తిప్పుతూ ఊరేగింపు ముందు ఆడతాడు. అతని శరీరమే ఆ రోజుకు చిత్రఫలకం. ఇవన్నీ ఆరుబయట, వీధిలో, ఆ పేటవాళ్లే చేసుకుని వాళ్లే చూసే కళలు. పండుగ ముగిశాక వాటిలో ఏదీ దాచుకోరు; మళ్లీ ఏడాది మళ్లీ చేస్తారు. కళాచరిత్ర రాసేవారు రాతినీ కంచునూ పట్టించుకున్నంతగా కాగితాన్నీ పసుపునూ పట్టించుకోకపోవడం వల్ల ఈ సంప్రదాయానికి దక్కవలసిన స్థానం దక్కలేదు.

వీటన్నిటిలో నీటికి అత్యంత సన్నిహితమైనది ఘటం. ఇది అమ్మవారి రూపంగా తీర్చిదిద్దిన కలశం. పసుపు కుంకుమలతో, వేపాకుతో, పూలతో దానిని అలంకరించి, పసుపు పూసుకున్న పూజారి తల మీద మోస్తాడు. డప్పు చప్పుళ్ల నడుమ ఉత్సవం మొదలైన నాటి నుంచి అది పేటలో ఇంటింటి హారతులు అందుకుంటుంది. చివరి రోజున లాల్‌దర్వాజా, ఉప్పుగూడ, గౌలిపురా, సుల్తాన్‌షాహీ, అలియాబాదు వంటి పేటల ఘటాలు ఒక్కటొక్కటిగా వచ్చి కలుస్తాయి. కుతుబ్‌షాహీల చివరి సుల్తాను తానీషా మంత్రులైన అక్కన్న, మాదన్నల పేరుతో హరిబౌలిలో ఉన్న మహంకాళి ఆలయం ఘటం ఏనుగు అంబారీ మీద వస్తుంది. ఊరేగింపు శాలిబండ, చార్మినార్, గుల్జార్‌హౌజ్, పత్తర్‌గట్టి మీదుగా నయాపూల్ చేరి, మూసీలో ఘటాల నిమజ్జనంతో ముగుస్తుంది. దక్షిణ దిక్కు పేటల నుంచి ఉత్తరాన నది దాకా నగరం పొడవునా సాగే ఈ నడక, నగర ప్రజలు ఏటా ఒకసారి తమ నీటి దగ్గరికి వెళ్లి చూసివచ్చే యాత్ర అనిపిస్తుంది. చార్మినార్ నీడలో, మసీదుల ముందునుంచి, ముస్లిం వర్తకుల దుకాణాల నడుమ నుంచి అది సాగడం వల్ల, నది మీద హక్కూ బాధ్యతా ఒక మతానివే కావన్న సంగతి కూడా చెప్పకనే చెబుతుంది.

ఆ యాత్ర చేరుకునే నీరు మాత్రం మునుపటిది కాదు. విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈ రెండు జలాశయాలు వరదను అదుపు చేసి, నగరానికి కుళాయి నీళ్లు ఇచ్చాయి. ఆ మేలును తక్కువ చేసి చెప్పడం అన్యాయం. అయితే కుళాయి వచ్చాక చెరువుతో పని తప్పింది. తాగడానికి అక్కరలేని చెరువు పొలాలకు నీరిచ్చేది, పొలాలు ఇళ్ల స్థలాలయ్యాక అదీ పోయింది. చివరికి శిఖం అన్నది రిజిస్ట్రేషన్ కాగితాలలో ఖాళీ జాగాగా మారింది. ఎగువన నీరు ఆగిపోయిన మూసీలోకి దిగువన నగరం మురుగు చేరింది. ఘటం నిమజ్జనానికి నది వద్దకు వచ్చేవారు ముక్కు మూసుకోవలసిన స్థితి ఏర్పడింది. 2020 అక్టోబరులో కుండపోత వానలకు పల్లెచెరువు, కొద్ది రోజుల తేడాతో గుర్రంచెరువు తెగి, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట దిక్కు బస్తీలు, అల్‌జుబైల్ కాలనీ, హాఫిజ్‌బాబానగర్ మునిగిపోయాయి. లాల్‌దర్వాజాకు ఇవి పొరుగు పేటలు. 1908లో 221 కట్టలు తెగినప్పటి పాఠాన్ని నగరం నూటపన్నెండేళ్ల తర్వాత అదే బడిలో, అంతే కఠినంగా మళ్లీ చదవవలసి వచ్చింది.

నీటి పక్కన బహిరంగ కళను ప్రభుత్వాలే చేపట్టిన చరిత్ర కూడా హైదరాబాదుకు ఉంది. 1980లలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1562 నాటి హుస్సేన్‌సాగర్ కట్ట మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలను వరసగా నిలిపింది. రాయగిరి వద్ద ఏకశిలగా చెక్కిన బుద్ధ విగ్రహం 1990 మార్చి 10న తరలింపు సమయంలో అదే చెరువు నీటిలో పడిపోయి, పలువురి ప్రాణాలు బలిగొని, 1992 డిసెంబరు 1న చెరువు నడుమనున్న జిబ్రాల్టర్ రాయి మీద నిలిచింది. ఇవి నగరానికి గుర్తింపు తెచ్చిన పనులు. కానీ కట్ట మీది విగ్రహాలు రోడ్డు వైపు చూస్తాయి, చెరువు వాటి వెనుక ఉంటుంది. ఆ కళకు నీరు నేపథ్యం మాత్రమే, విషయం కాదు. 2016లో స్టార్ట్ ఇండియా అనే సంస్థ ఆధ్వర్యంలో దేశ విదేశాల చిత్రకారులు అదే చెరువు పక్కనున్న ఎం.ఎస్. మక్తా బస్తీ ఇళ్ల గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేసి, ఆ పేటను వీధి చిత్రాల పేటగా మార్చినప్పుడు పరిస్థితి కొంత భిన్నం. అక్కడ గోడ ఇచ్చినవారు ఆ ఇళ్లలో ఉండేవారే, రోజూ బొమ్మ చూసేవారూ వాళ్లే. అయినా కుంచె మాత్రం బయటివారి చేతిలో ఉంది. గోడల రంగులు ఎండకూ వానకూ వెలిసిపోతాయి, వాటిని మళ్లీ వేసుకునే విద్య మాత్రం ఆ బస్తీ చేతికి రాలేదు. బోనం కుండకూ గోడబొమ్మకూ ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది.

అంబర్‌పేట బతుకమ్మ కుంట కథ ఈ తేడాను ఇంకా తేటగా చూపిస్తుంది. బాగ్ అంబర్‌పేటలోని ఈ కుంట 1962-63 నాటి రికార్డుల ప్రకారం 14 ఎకరాల 6 గుంటలు. దశాబ్దాల పాటు మట్టీ చెత్తా నింపడంతో, ముళ్లపొదలు పెరిగి, నీరు అన్నది లేకుండా పోయి, చివరికి 5 ఎకరాల 15 గుంటలు మిగిలింది. దాని మీద కోర్టులో వివాదం కూడా నడిచింది. 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా, అంటే నగరంలో విపత్తుల నిర్వహణకూ చెరువుల వంటి ప్రభుత్వ ఆస్తుల రక్షణకూ పెట్టిన సంస్థ, మొదటి విడతగా ఎంచుకున్న చెరువులలో దీనినీ చేర్చింది. 2025 ఫిబ్రవరిలో తవ్వకం మొదలుకాగానే కొద్ది లోతులోనే నీరు ఉబికింది. పూడిక తీసి, వరదనీటి కాలువలు కలిపి, చుట్టూ నడకబాట వేసి, అదే ఏడు బతుకమ్మ పండుగ రోజులలో, సెప్టెంబరు 28న, ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి దానిని ప్రారంభించారు. మూసీ వరద వచ్చిన తేదీకి అది సరిగ్గా 117 ఏళ్లు. పైగా అంతకు ఒకటి రెండు రోజుల ముందే మూసీ మళ్లీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చింది. అంబర్‌పేట ఆడవాళ్లు కుంట గట్టున బతుకమ్మ ఆడింది అటువంటి వారంలో.

బతుకమ్మను పూలతో చేసే పూజగా చెప్పడం పరిపాటి. అది పూలతో చేసే శిల్పం కూడా, పైగా చిత్తడి నేలలూ బీళ్లూ ఇచ్చిన వస్తువులతో చేసినది. తాంబాలంలో గుమ్మడి ఆకులు పరిచి, తంగేడు పూలను అంచు వెంట గుండ్రంగా పేర్చి, నడుమ ఖాళీని ఆకులతో నింపి, దాని మీద గునుగు కట్టలు, బంతి, చామంతి, కట్లపూలు వరస మీద వరసగా వలయం తగ్గించుకుంటూ పోతారు. గునుగు సహజంగా తెల్లగా వెండిరంగులో ఉంటుంది కనుక దాని కొసలను రంగు నీళ్లలో ముంచి ఎరుపు, నీలం, పచ్చ చేస్తారు. తొడిమలన్నీ ఒకే పొడవుకు కత్తిరించకపోతే వరస వంకర పోయి, బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. శిఖరాన పసుపు ముద్ద గౌరమ్మ, కొన్ని చోట్ల తామర లేదా గుమ్మడి పువ్వు. ఆడి పాడాక ఆ శిల్పాన్ని నీటిలో వదులుతారు. గునుగూ తంగేడూ పెరగడానికి గట్లూ బీళ్లూ కావాలి, తామరకు నిలువనీరు కావాలి, వదలడానికి మెట్లున్న చెరువు కావాలి. చెరువు పోయిన బస్తీలలో ప్లాస్టిక్ టబ్బులలో, నీళ్ల ట్యాంకులలో బతుకమ్మను వదలవలసి వచ్చిన సంవత్సరాలు గడిచాయి. నీరు తిరిగి వచ్చిన కుంటలో పూల వలయాలు తేలినప్పుడు అక్కడ జరిగినది అలంకరణ కార్యక్రమం కాదు; కళకు దాని స్థలం తిరిగి దక్కింది.

పునరుద్ధరణ అనే మాట వెనుక ఉన్న బాధను కూడా ఈ చరిత్రలో చేర్చక తప్పదు. చెరువు శిఖాలలో, మూసీ ఒడ్డున ఇల్లు కట్టుకున్నవారిలో అమ్మినవారి మోసానికి గురైన పేదలు చాలామంది. 2024లో కూల్చివేతలు మొదలైనప్పుడు, నది వెంట ఇళ్ల గోడల మీద ఎర్రని గుర్తులు పడినప్పుడు, ఆ కుటుంబాలు పడిన భయం నిజమైనది. గట్టు మీద ఉండే మనుషులను పంపేసి గట్టును అందంగా చేస్తే, అక్కడ కుండ చేసే చేయి, ఘటం మోసే తల, బతుకమ్మ పేర్చే వేళ్లు ఎవరివి? కలకత్తా తూర్పున నగరపు మురుగునీటితోనే చేపలు పెంచే చిత్తడి నేలలు 2002లో రామ్‌సార్ జాబితాకు ఎక్కడానికి కారణం, అక్కడి జాలరులు, రైతులు ఆ నీటిని వదిలి పోకుండా పనిచేస్తూ ఉండడమే. హైదరాబాదు శివారులోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తించినప్పుడు పక్షులకు దక్కిన గౌరవం, చెరువును నమ్ముకున్న గంగపుత్రులకూ ముదిరాజులకూ చాకలివారికీ ప్రతి పునరుద్ధరణ ప్రణాళికలోనూ దక్కాలి.

లాల్‌దర్వాజాకు నైరుతిన బుమ్‌రుక్నుద్దౌలా చెరువులో 2024లో ఆక్రమణలు తొలగించి, తర్వాతి ఏడు పూడికతీత, కట్ట పనులు చేపట్టారు. రుక్నుద్దౌలా కట్టించిన 250 ఏళ్ల తర్వాత ఆ చెరువుకు మళ్లీ ఒక రూపు వస్తోంది. మీర్ ఆలం చెరువు చుట్టూ కూడా పనులు జరుగుతున్నాయి. ఈ గట్లను తీర్చిదిద్దేటప్పుడు గోడబొమ్మలు, ఇనుప శిల్పాలు, రంగు దీపాలు పెట్టించాలన్న ఆలోచన అధికారులకు తప్పక వస్తుంది. అందులో తప్పు లేదు. అయితే వాటికంటే ముందు చేయవలసిన పనులు ఉన్నాయి. నీటి దాకా దిగే రాతిమెట్లు కట్టాలి; ఘటంతో, బతుకమ్మతో వదిలిన పూలూ ఆకులూ కుళ్లి నీరు పాడుకాకుండా విడిగా ఒక చిన్న కొలను కేటాయించాలి; పూడిక మట్టిలో కొంత కుమ్మరులకు ఉచితంగా ఇవ్వాలి; గట్టున వేపచెట్లు, బీడు అంచున తంగేడు, గునుగు పెరగనివ్వాలి; గోడబొమ్మ వేయించదలచుకుంటే, తొట్టెల కట్టే వెదురు పనివారినీ, బోనానికి సున్నపు చుక్కలు పెట్టే ఆడవాళ్లనూ మొదట పిలవాలి. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పాతబస్తీ చెరువుల పనులు ఇంకా సాగుతుండగానే, వచ్చే ఆషాఢానికి ముందే, లాల్‌దర్వాజా ఆలయ పెద్దలను, బస్తీ సంఘాలను కూర్చోబెట్టి ఆ మెట్లు ఎక్కడ ఉండాలో అడిగి నిర్ణయించవలసిన బాధ్యత ప్రభుత్వానిది, అడిగించుకోవలసిన హక్కు పాతబస్తీది.